ఉల్లి ఆకు మీద మచ్చ.. వైరస్సా, ఫంగసా? తేల్చకుండా మందు కొడితే ఏమవుతుంది?

కరోనా టైంలో ఆర్టీ-పీసీఆర్ అనే మాట వినని ఇల్లు లేదు. ముక్కులో పుల్ల పెట్టి శాంపిల్ తీసేవాళ్లు. పాజిటివా, నెగెటివా తేలాకే మిగతా సంగతి. సరిగ్గా అదే టెస్ట్ ఉల్లి పంటకీ ఉంది. ముక్కు బదులు ఆకు. అంతే తేడా.

కానీ చేలో మచ్చ కనబడగానే రైతు ల్యాబ్‌కి వెళ్లడు. ఓ ఆకు తుంచుకుని నేరుగా పురుగుమందుల షాపుకి వెళ్తాడు. "అన్నా, ఈ మచ్చకి ఏం కొట్టాల?" అని అడుగుతాడు. షాపాయన ఆకుని అటూ ఇటూ తిప్పి చూసి, ఓ ఫంగస్ మందు, ఓ పురుగు మందు, పైన ఓ టానిక్ చేతిలో పెడతాడు. మొత్తం వ్యవహారం ఐదు నిమిషాల్లో ముగుస్తుంది. అసలు ఆ మచ్చ ఏంటి అనే ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోతుంది.

ఈ ప్రశ్న ఇప్పుడెందుకు? కర్నూలు ఉల్లి రైతు పరిస్థితి గుర్తుందిగా. 2025 సీజన్‌లో ధర పడిపోతే రాష్ట్ర ప్రభుత్వం క్వింటాల్‌కి 1,200 రూపాయల చొప్పున కొనాల్సి వచ్చింది. ఆ తర్వాత హెక్టారుకి 50 వేల రూపాయల సాయం ప్రకటించింది. ధర రైతు చేతిలో లేదు. కొంతవరకైనా చేతిలో ఉండేది ఖర్చు. అందులో అక్కర్లేని మందుకి పెట్టే ప్రతి రూపాయీ నేరుగా నష్టమే. అందుకే ఉల్లిలో వైరస్ ఎలా గుర్తిస్తారు, ఎందుకు గుర్తించాలి, మన దగ్గర చిక్కు ఎక్కడుంది.. ఒక్కొక్కటిగా చూద్దాం.

మచ్చ ఒకటే.. కారణాలు అరడజను

ఉల్లి ఆకు పచ్చగా, గొట్టంలా ఉంటుంది. దానికి ఏ కష్టం వచ్చినా చూపించే గుర్తులు దాదాపు ఒకేలా ఉంటాయి. పసుపు రంగు, మచ్చ, ఎండిన కొన. కారణాలు మాత్రం వేరు.

ఊదా రంగు మచ్చ తెగులు ఫంగస్ వల్ల వస్తుంది. ముదిరాక మచ్చ ఊదా రంగుకి తిరిగి, చుట్టూ పసుపు అంచు కడుతుంది. స్టెమ్‌ఫీలియం ఎండు తెగులు కూడా ఫంగసే. మొదట పసుపు, నారింజ చారలుగా మొదలై తర్వాత మచ్చగా సాగుతుంది. ఆకులు మెలికలు తిరిగిపోయే ట్విస్టర్ తెగులు చూడ్డానికి అచ్చం వైరస్‌లా ఉంటుంది గానీ, దాని వెనక ఉన్నదీ ఫంగసే. తామర పురుగు గీకి రసం పీల్చిన చోట వెండి రంగు చారలు పడతాయి. పోషకాలు తగ్గినా, కలుపు మందు పొరపాటున పడినా ఆకు పసుపుబారుతుంది.

ఈ గుంపులో వైరస్ కూడా ఒకటి. తొలిరోజుల్లో కంటితో చూసి దీన్ని విడదీయడం అనుభవం ఉన్న శాస్త్రవేత్తకి కూడా తేలిక కాదు. పైగా ఒకే మొక్కలో రెండు మూడు కారణాలు కలిసి ఉండొచ్చు. తామర పురుగు చేసిన గాయం మీద ఫంగస్ సులువుగా పట్టుకుంటుంది. అదే పురుగు వైరస్‌ని కూడా మోసుకొస్తుంది.

ఫంగస్ మందు ఫంగస్ మీదే పనిచేస్తుంది. వైరస్ సోకిన మొక్కని నయం చేసే మందు మార్కెట్‌లో లేదు. అలాంటి మందు ఉందని ఎవరైనా అమ్మితే నమ్మొద్దు.

గుర్తుపెట్టుకోవాల్సిన రెండు వైరస్‌లు

మొదటిది ఐరిస్ ఎల్లో స్పాట్ వైరస్. ఐరిస్ అనేది ఓ పూల మొక్క. నెదర్లాండ్స్‌లో ఆ మొక్క మీద పసుపు మచ్చలు చూసి 1998లో దీన్ని కొత్త వైరస్‌గా వర్ణించారు. అందుకే ఆ పేరు. బ్రెజిల్ ఉల్లి చేలల్లో ఇలాంటి జబ్బు 1981 నాటికే రికార్డుల్లో ఉంది. మన దేశంలో ఉల్లి మీద దీన్ని మహారాష్ట్రలో గుర్తించి 2006లో ప్రకటించారు.

ఉల్లి మీద దీని గుర్తు ఎండుగడ్డి రంగు మచ్చ. రెండు కొనలూ సన్నగా, మధ్యలో వెడల్పుగా, డైమండ్ ఆకారంలో ఉంటుంది. కొన్నిసార్లు మచ్చ మధ్యలో పచ్చటి చుక్క మిగులుతుంది. విత్తనం కోసం పెంచే పంటలో పూకాడ మీద ఈ మచ్చ పడితే కాడ అక్కడే విరిగి వాలిపోతుంది. ఇక విత్తనం ఆశ వదులుకోవాల్సిందే.

దీన్ని మోసేది తామర పురుగు. ఇక్కడో ఆసక్తికరమైన సంగతి ఉంది. పెద్ద పురుగు కొత్తగా వైరస్‌ని ఎక్కించుకోలేదు. పిల్ల పురుగుగా ఉన్నప్పుడు జబ్బు మొక్కని తింటేనే ఎక్కుతుంది. అలా ఎక్కించుకున్న పురుగు పెద్దదై రెక్కలొచ్చాక బతికినంత కాలం వైరస్‌ని పంచుతూనే ఉంటుంది. తల్లి నుంచి గుడ్డుకి మాత్రం వైరస్ వెళ్లదు. అంటే ప్రతి తరం పురుగూ మళ్లీ ఓ జబ్బు మొక్క మీద పుట్టి పెరగాలి. ఆ జబ్బు మొక్క లేకుండా చేస్తే గొలుసు తెగుతుంది. ఈ పాయింట్ గుర్తుంచుకోండి, చివర్లో పనికొస్తుంది.

ఇంకో మాట. ఈ వైరస్ విత్తనం ద్వారా రాదు. ఈ మచ్చలు చూసి "ప్యాకెట్‌లోనే జబ్బు వచ్చింది" అనుకుంటే పొరపాటే. కానీ నారుతో పాటు రావొచ్చు. బయట నుంచి నారు కొనేవాళ్లు జాగ్రత్తగా ఉండాల్సింది ఇక్కడే.

రెండోది ఆనియన్ ఎల్లో డ్వార్ఫ్ వైరస్. దీని తీరు పూర్తిగా వేరు. ఆకు మీద నిలువుగా పసుపు చారలు వస్తాయి. గుండ్రటి ఆకు చదునుగా మారి, ముడతలు పడి, కిందకి వాలిపోతుంది. మొక్క గిడసబారుతుంది. దీన్ని మోసేది పేనుబంక. అది ఆకు మీద వాలి రుచి చూసిన కొద్ది సెకన్లలోనే వైరస్ ఎక్కేస్తుంది. పురుగు మందు దాన్ని చంపేలోపే పని అయిపోతుంది. ఇది ప్రధానంగా గడ్డల ద్వారా ఏడాది నుంచి ఏడాదికి నడుస్తుంది. అంటే గడ్డ నాటి విత్తనం తీసేవాళ్లకి ఇది పెద్ద ముప్పు.

ఒకదానికి తామర పురుగు, నారు చూసుకోవాలి. ఇంకోదానికి గడ్డ శుభ్రంగా ఉండాలి. జబ్బు పేరు తెలియకపోతే ఏ తలుపు మూయాలో తెలియదు.

అనంతపురం నేర్పిన పాఠం

పేరు తప్పైతే ఏమవుతుందో తెలుసుకోవడానికి దూరం వెళ్లక్కర్లేదు. పక్క జిల్లాలో, పక్క పంటలో జరిగిందే.

2000 ఖరీఫ్. అనంతపురం జిల్లాలో వేరుశనగ చేలు ఉన్నట్టుండి మాడిపోవడం మొదలైంది. చూడ్డానికి అందరికీ తెలిసిన మొవ్వు కుళ్ళు వైరస్ తెగులులాగే ఉంది. మొదట్లో అదే అనుకున్నారు. దాదాపు 2 లక్షల 25 వేల హెక్టార్లు దెబ్బతిన్నాయి. నష్టం 300 కోట్ల రూపాయల పైమాటే అని అంచనా.

ల్యాబ్‌లో టెస్ట్ చేస్తే అసలు సంగతి బయటపడింది. అది టొబాకో స్ట్రీక్ వైరస్. అంతకుముందు మన వేరుశనగలో ఎవరూ చూడనిది. తర్వాత ఈ జబ్బుకి కాండం కుళ్ళు వైరస్ తెగులు అని పేరొచ్చింది. వైరస్‌ని దాచిపెట్టుకున్నది ఎవరో కాదు, గట్ల మీద పెరిగే వయ్యారిభామ కలుపు మొక్క. దాని పుప్పొడిలో వైరస్ ఉంటుంది. ఆ పుప్పొడి తామర పురుగుల ఒంటికి అంటుకుని వేరుశనగ మీదకి చేరుతుంది. వయ్యారిభామలో మాత్రం జబ్బు లక్షణాలు కనిపించవు.

పేరు మారగానే చేయాల్సిన పనీ మారింది. గట్ల మీద వయ్యారిభామ పీకేయడం, చేను చుట్టూ జొన్న, సజ్జ లాంటి ఎత్తు పంట కంచెలా వేయడం సలహాలుగా వచ్చాయి. మచ్చ చూసి మందు కొట్టుకుంటూ పోయి ఉంటే గట్టు మీద కలుపు వైపు ఎవరి కన్నూ పడేది కాదు.

ఉల్లికి కూడా ఇదే వర్తిస్తుంది.

టెస్ట్ ఎలా చేస్తారు?

వాడుకలో ఉన్నవి ముఖ్యంగా నాలుగు రకాలు.

ఎలీసా: ఇది పాతది, నమ్మకమైనది. 96 చిన్న గుంటలున్న ప్లాస్టిక్ ప్లేట్ ఉంటుంది. గుంటల్లో ముందే ఆ వైరస్‌ని పట్టుకునే యాంటీబాడీలు అతికించి ఉంటారు. ఆకుని నూరి తీసిన రసం అందులో పోస్తారు. వైరస్ ఉంటే చివర్లో రంగు మారుతుంది, సాధారణంగా పసుపుకి. లేకపోతే నీళ్లలాగే ఉండిపోతుంది. ఒకేసారి పదుల శాంపిల్స్ చూడొచ్చు. ఊళ్ల వారీగా సర్వే చేయడానికి ఇది అనువైనది. ఫలితానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. వైరస్ బాగా తక్కువగా ఉంటే దొరక్కపోవచ్చు.

ఆర్టీ-పీసీఆర్: ఈ రెండు ఉల్లి వైరస్‌లూ కరోనా లాగే ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లు. ఆర్‌ఎన్‌ఏని డీఎన్‌ఏగా మార్చి, దాన్ని లక్షల కాపీలు చేసి చూస్తారు. చాలా కొద్దిగా ఉన్నా పట్టేస్తుంది. కాపీ అయిన ముక్కలోని అక్షరాల వరుస చదివితే ఏ వైరస్సో రూఢి అవుతుంది. మెషీన్, కెమికల్స్, శిక్షణ ఉన్న మనిషి కావాలి.

ల్యాంప్: ఇది పీసీఆర్‌కి తమ్ముడు లాంటిది. పీసీఆర్‌లో వేడిని మాటిమాటికీ పెంచి తగ్గించాలి. ఇందులో 60 నుంచి 65 డిగ్రీల మధ్య ఒకే వేడి చాలు. ఖరీదైన మెషీన్ అక్కర్లేదు. సుమారు గంటలో రంగు మార్పుతో ఫలితం చూడొచ్చు. జిల్లా స్థాయి ల్యాబ్‌కి సరిపోయే పద్ధతి.

స్ట్రిప్ టెస్ట్: కరోనా ఇంటి కిట్ చూశారుగా, అదే పద్ధతి. ఆకు రసంలో స్ట్రిప్ ముంచితే రెండు గీతలు వస్తే పాజిటివ్, ఒకటే వస్తే నెగెటివ్. చేలోనే నిమిషాల్లో తేలుతుంది. కానీ ఒక స్ట్రిప్ తను దేనికోసం తయారైందో ఆ వైరస్‌నే చూస్తుంది. నెగెటివ్ వస్తే "ఈ వైరస్ దొరకలేదు" అనే అర్థం. "మొక్కకి ఏ జబ్బూ లేదు" అని కాదు.

శాంపిల్ తప్పైతే రిజల్ట్ కూడా తప్పే

ఎంత మంచి మెషీనైనా తెచ్చిన ఆకునే కదా చూసేది. ఐరిస్ ఎల్లో స్పాట్ వైరస్ మొక్కంతా సమానంగా పాకదు. మచ్చ ఉన్న చోట ఉంటుంది, అదే మొక్కలో పక్క ఆకులో ఉండకపోవచ్చు. బాగున్న ఆకు తుంచి పంపిస్తే జబ్బు మొక్క కూడా నెగెటివ్ అని వస్తుంది. పూర్తిగా ఎండిపోయిన ముక్క పంపినా అంతే.

అందుకే శాంపిల్ తీసేటప్పుడు ఇవి చూసుకోవాలి.

- కొత్తగా పడిన మచ్చ, దాని చుట్టూ ఉన్న పచ్చటి భాగంతో కలిపి కత్తిరించాలి.
- ఒకే మొక్క నుంచి కాకుండా చేలో వేర్వేరు చోట్ల నుంచి తీయాలి. ఒక్కో మొక్క ఆకుని ఒక్కో కవర్‌లో విడిగా పెట్టాలి.
- మచ్చ లేని మొక్క ఆకు ఒకటి కూడా ఇవ్వాలి. పోల్చి చూడ్డానికి అది కావాలి.
- కవర్ మీద ఊరు, రకం, నాటిన తేదీ, ఇప్పటిదాకా కొట్టిన మందులు రాయాలి.
- ఎండలో, బండి డిక్కీలో ఉంచొద్దు. ఐస్ డబ్బాలో పెట్టి వీలైనంత త్వరగా చేర్చాలి.

ఎల్లో డ్వార్ఫ్ వైరస్ మొక్కంతా పాకుతుంది కాబట్టి దానికి చారలు కనిపించే లేత ఆకు సరిపోతుంది. విత్తనం కోసం దాచిన గడ్డల్నీ నాటే ముందు టెస్ట్ చేయొచ్చు.

ఫోన్‌లో ఫొటో తీస్తే సరిపోదా?

ఈ ప్రశ్న చాలామందికి వస్తుంది. 2024 ఆగస్టు 15న కేంద్ర వ్యవసాయ శాఖ నేషనల్ పెస్ట్ సర్వైలెన్స్ సిస్టమ్ మొదలుపెట్టింది. ఫొటో పంపిస్తే ఏఐ సాయంతో తెగులు, పురుగు గుర్తించే ఏర్పాటు అది. ప్రైవేట్ యాప్‌లు కూడా చాలా ఉన్నాయి.

పురుగుని గుర్తించడానికి ఫొటో బాగానే పనికొస్తుంది. పురుగు కంటికి కనిపిస్తుంది కాబట్టి. వైరస్ కనిపించదు. ఫొటోలో పడేది అది వదిలిన గుర్తు మాత్రమే. ఆ గుర్తు ఫంగస్‌తో కలిసిపోతోందనేగా మన సమస్య. కాబట్టి యాప్ చెప్పింది తొలి అనుమానంగా తీసుకోవచ్చు, అదే తుది మాట అనుకోకూడదు. ఎక్కడెక్కడి నుంచి ఒకే తరహా ఫొటోలు వస్తున్నాయో చూసి, ఆ ఊళ్లకి శాంపిల్ టీమ్‌ని పంపడానికి మాత్రం ఇది మంచి సాధనం.

మందే లేనప్పుడు టెస్ట్ ఎందుకు?

న్యాయమైన ప్రశ్నే. పాజిటివ్ వచ్చినా ఆ మొక్క బాగుపడదు. మరి లాభమేంటి?

ఒకటి, దండగ ఖర్చు ఆగుతుంది. వైరస్ మచ్చకి వరసగా ఫంగస్ మందులు కొట్టే పని ఉండదు. రిపోర్టులో ఫంగస్ కూడా ఉందని వస్తే, ఏది ఎంతవరకు అవసరమో చూసి కొట్టొచ్చు.

రెండు, పురుగు మందు లెక్కగా వాడొచ్చు. తామర పురుగు ఆకుల మొవ్వులో దాక్కుంటుంది. పైపైన కొట్టిన మందు అక్కడికి చేరదు. ఒకే మందు మళ్లీ మళ్లీ కొడితే పురుగు దానికి అలవాటు పడుతుంది. ప్రపంచంలో చాలాచోట్ల ఇది జరిగింది. మొక్కకి సగటున 30 పురుగులు దాటితే మందు గురించి ఆలోచించాలని మహారాష్ట్ర రాజ్‌గురునగర్‌లో ఉన్న జాతీయ ఉల్లి, వెల్లుల్లి పరిశోధన సంస్థ చెబుతోంది. అయితే ఈ లెక్క పురుగు తినే నష్టానికి సంబంధించింది. ఊళ్లో వైరస్ ఉందని తేలితే పిల్ల పురుగుల దశ నుంచే కన్నేసి ఉంచాలి.

మూడు, వచ్చే పంట దక్కుతుంది. ఇందాక గొలుసు గురించి చెప్పుకున్నాం. పాత గడ్డల నుంచి మొలిచిన మొక్కలు, గట్ల మీద కలుపు, కొయ్యకుండా వదిలేసిన మళ్లు.. కొత్త పంట వచ్చేదాకా పురుగుకీ వైరస్‌కీ ఆశ్రయం ఇచ్చేది ఇవే. ధర పడిపోయిన ఏడాది చేలోనే వదిలేసిన ఉల్లి, గట్టున పారబోసిన గడ్డల కుప్పలు ఇక్కడే ప్రమాదంగా మారతాయి. మార్కెట్ కొట్టిన దెబ్బ మరుసటి సీజన్‌లో తెగులు రూపంలో తిరిగొచ్చే దారి ఇది. వైరస్ ఉందని తేలిన ఊళ్లో ఆ కుప్పలు పూడ్చేయడం ఒక్క రైతు పని కాదు, ఊరంతా కలిసి చేయాల్సింది.

నాలుగు, నాటే ముందు జాగ్రత్త. చేను చుట్టూ మొక్కజొన్న రెండు వరసలు ఉల్లి నాటడానికి కనీసం నెల ముందే వేస్తే తామర పురుగు రాక తగ్గుతుందని అదే సంస్థ సిఫార్సు. స్ప్రింక్లర్ నీళ్లతోనూ పురుగు తగ్గుతుంది. యూరియా అతిగా వేస్తే పెరుగుతుంది.

అసలు చిక్కు ఎక్కడ?

సైన్స్ లేదని కాదు, అది ఊరిదాకా రాకపోవడమే చిక్కు.

ఆంధ్రప్రదేశ్‌లో ఊళ్లో రైతు సేవా కేంద్రం ఉంది. నియోజకవర్గాల్లో అగ్రి ల్యాబ్‌లు కట్టారు. కానీ ఆ ల్యాబ్‌ల ప్రధాన పని విత్తనం, ఎరువు, పురుగుమందు నాణ్యత చూడటం. కొనే సరుకుకి పరీక్ష ఉంది, చేలో ఉన్న మొక్కకి ఉందా అన్నదే ప్రశ్న. వైరస్ టెస్ట్ చేయగల శాస్త్రవేత్తలు ఎక్కువగా యూనివర్సిటీల్లో, పరిశోధన కేంద్రాల్లో ఉంటారు. కోడుమూరులోనో, గూడూరులోనో ఉన్న రైతు ఐస్ డబ్బా పట్టుకుని అక్కడిదాకా వెళ్లాలంటే ఓ రోజు కూలి, బస్సు ఖర్చు. షాపు మాత్రం పక్క వీధిలోనే ఉంది. పైగా అప్పు ఇస్తుంది.

ఇక్కడ షాపువాళ్లని తిట్టి లాభం లేదు. రైతుకి సలహా ఇచ్చే మనిషి, మందు అమ్మే మనిషి ఒకరే కావడం అసలు సమస్య. డాక్టర్, మెడికల్ షాపు ఒకటే అయితే ఎలా ఉంటుందో ఇదీ అంతే.

దీనికి భారీ బడ్జెట్ కూడా అక్కర్లేదు. ప్రతి రైతూ టెస్ట్ చేయించుకోవాల్సిన పని లేదు. ఊరికి కొన్ని శాంపిల్స్ చాలు. నారు దశలో ఓసారి, గడ్డ ఊరే దశలో ఓసారి రైతు సేవా కేంద్రంలో ఆకులు సేకరించి, జిల్లాలో ఒకచోట ఎలీసా చేసి, అనుమానం ఉన్నవి పీసీఆర్‌కి పంపి, ఫలితం మూడు రోజుల్లో ఊరి రైతులందరి ఫోన్‌కి మెసేజ్‌గా పంపిస్తే సరిపోతుంది. కరోనాలో ఇంతకంటే పెద్ద పనే చేశాం. తెలంగాణలో అలంపూర్, నారాయణఖేడ్ వైపు ఉల్లి వేసే రైతులకీ ఇదే అవసరం. తామర పురుగుకి రాష్ట్ర సరిహద్దు తెలియదు మరి.

ఇప్పుడు మీరు చేయగలిగింది

ప్రభుత్వం చేసేదాకా ఆగక్కర్లేదు. మచ్చ కనిపించిన రోజే దగ్గరి నుంచి రెండు మూడు ఫొటోలు తీయండి. మొవ్వు విప్పి పురుగు ఉందేమో చూడండి. తెల్ల కాగితం మీద మొక్కని దులిపితే సన్నటి పురుగులు రాలి కదులుతాయి, లెక్కపెట్టొచ్చు. తర్వాత రైతు సేవా కేంద్రంలో ఉద్యాన సహాయకుణ్ని అడగండి. లేదా కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కి ఫోన్ చేయండి, ఫ్రీనే. కర్నూలు జిల్లాలో బనవాసి కృషి విజ్ఞాన కేంద్రం, నంద్యాల జిల్లాలో మహానంది ఉద్యాన పరిశోధన స్థానం ఉన్నాయి. శాంపిల్ ఎక్కడికి పంపాలో వాళ్లని అడగండి.

షాపుకి వెళ్లినా ఒక్క ప్రశ్న అడగండి. "ఇది వైరస్సా, ఫంగసా? ఎలా తెలిసింది?" అని. సరైన జవాబు రాకపోతే ఆ రోజుకి డబ్బా కొనకుండా వెనక్కి వచ్చేయండి. ఫోన్ చేసి అడిగాక కొన్నా ఆలస్యం కాదు. మనకి జ్వరం వస్తే ఏ జ్వరమో తెలుసుకోకుండా ఆరు రకాల మందులు వేసుకోం కదా. చేను విషయంలోనూ అదే లెక్క.